టీకి ముందన్న మాట

దొంగ దొరికాక మళ్ళీ విచారణ ఎందుకని కల్నల్ అడిగారు. దొంగ దొరికితే నన్నెందుకు పిలిచారని నేనడిగాను. పిలిచింది తాను కాదని, కార్యదర్శిగారని ఆయన ముఖం పక్కకి తిప్పుకుని చెప్పారు. ఆ ఉదయం అలా మొదలైంది.

నిజం చెప్పాలంటే నాకు హాయిగానే ఉంది. విదేశాంగ శాఖలో విచారణాధికారిని నేను. పోయిన ఫైళ్ళు వెతకడం, ఎవరి కారులో ఎవరు తిరిగారో కనుక్కోవడం తప్ప బుర్రకి పనిచెప్పే కేసు చేతికొచ్చి చాలా కాలమైంది. పైగా ఎదుట ఉన్నది కల్నల్. సైన్యం తరఫున రహస్యాలు కాపాడే విభాగానికి ఆయన పెద్ద. ఇంటి దగ్గర నాకు స్వయానా వియ్యంకుడు, మా అమ్మాయిని వాళ్ళబ్బాయికే ఇచ్చాం. ఆఫీసులో మేడమ్, కల్నల్‌గారు అని పిలుచుకుంటాం. కోపం వస్తే మాత్రం నేను అన్నయ్యగారూ అంటాను, ఆయన చెల్లెమ్మగారూ అంటారు. ఆ పిలుపులు వినపడ్డాయంటే పోట్లాట ముదిరిందని రెండు ఆఫీసుల్లోనూ అందరికీ తెలుసు.

మా శాఖ కార్యదర్శిగారు జరిగింది చెప్పారు. సముద్రం అవతలి ద్వీప దేశంతో మనకు ఒక ఒప్పందం కుదురుతోంది. జలసంధి ముఖద్వారంలో ఉన్న మన రేవులో వాళ్ళ యుద్ధనౌకలు ఆగి ఇంధనం నింపుకోవచ్చు, మరమ్మతులు చేసుకోవచ్చు. రేపు సంతకాలు. ఆ వెంటనే మన రాయబారి వెళ్ళి, జలసంధికి అటువైపున్న పొరుగు దేశానికి మర్యాదగా సంగతి చెప్పాలి. వాళ్ళకి రుచించదు గాని, మనంతట మనం ముందుగా చెబితే దిగమింగుకుంటారు.

అంతవరకూ అనుకున్నట్టే జరిగేది. నిన్న సాయంత్రం పొరుగు దేశం రేడియో ఆ పని పాడు చేసింది. జలసంధి దగ్గర నౌకలను అడ్డుకోవడానికి రెండు దేశాలూ ఒప్పందం చేసుకుంటున్నాయని ప్రకటించింది. వాళ్ళ చమురంతా ఆ ఇరుకు నీళ్ళలోంచే రావాలి. తెల్లారేసరికి వాళ్ళ యుద్ధనౌకలు రేవు వదిలి బయటికొచ్చేశాయి. తలుపులు మూసుకుని మాట్లాడుకున్న మాట బయటికి పోవడం ఒక తప్పు, పోయిన మాట వంకరగా పోవడం అంతకన్నా పెద్ద తప్పు.

కల్నల్ వేలు చూపించింది దుబాసి వైపు. ద్వీప దేశం నుంచి వచ్చిన అతిథుల మాటను మన భాషలోకి, మన మాటను వాళ్ళ భాషలోకి అక్కడికక్కడే మార్చి చెప్పే మనిషి ఆవిడ. శాఖలో అందరూ ఆవిడను దుబాసిగారనే పిలుస్తారు. రెండు వైపులా మాట్లాడిందంతా రెండు భాషల్లో తెలిసిన మనిషి మనవాళ్ళలో ఆవిడొక్కతే అన్నారు కల్నల్. ఆవిడ మేనత్తని పొరుగు దేశంలోనే ఇచ్చారని కూడా కనిపెట్టుకొచ్చారు. మేనత్తని అక్కడ ఇవ్వడం నేరమైతే మన మంత్రివర్గంలో సగం మంది జైల్లో ఉండాలని నేనన్నాను. కార్యదర్శిగారు దగ్గు వచ్చినట్టు రుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నారు.

ఉత్తర్వు మాత్రం సిద్ధంగా ఉంది. సాయంత్రం ఐదింటికి దుబాసిని సైనిక కస్టడీకి పంపాలి. ఆలోగా నేను వేరే దారి చూపించాలి. చూపించకపోతే, తర్వాతెప్పుడో నిర్దోషి అని తేలినా ఆవిడకు ఒరిగేదేమీ లేదు. ఒకసారి అనుమానం తగిలిన దుబాసిని మళ్ళీ ఏ దేశమూ చర్చల హాల్లో దుబాసీల గాజుగదిలో కూర్చోబెట్టదు.

ఆవిడను కింది అంతస్తులో ఒక గదిలో ఉంచారు. నలభై దాటిన మనిషి, మెళ్ళో వేలాడే కళ్ళజోడు, బుగ్గన గొంతు బిళ్ళ. భయపడుతుందేమో అనుకున్నాను. చిరాకుగా ఉంది. రాత్రంతా కల్నల్ మనుషులు ఒకే ప్రశ్నను తిప్పి తిప్పి అడిగారట. అడిగిన భాష బాగాలేదని కూడా ఫిర్యాదు చేసింది. నాకావిడ వెంటనే నచ్చేసింది.

నిన్న ఏమేం మాట్లాడారో చెప్పమన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"మేం మాట దాచుకోం మేడమ్. చెవిలో పడింది నోట్లోంచి పోతుంది, మధ్యలో నిలవదు. నిలిస్తే తర్వాతి మాట వినపడదు. సాయంత్రం ఇంటికెళ్ళాక ఏం మాట్లాడారని మా ఆయన అడిగినా చెప్పలేను."

గుర్తులేదనడం అందరికీ వచ్చిన విద్యేనని కల్నల్ గోడకి ఆనుకుని గొణిగారు. నేను పట్టించుకోలేదు. పొరుగు దేశం రేడియో ప్రకటన కాగితం ఆవిడ ముందు పెట్టాను. ఆ భాష కూడా ఆవిడకు వచ్చు. రాత్రి నుంచీ ఇంతమంది ఇన్ని అడిగారు గాని, ఆ ప్రకటనను చదవమని ఒక్కరూ ఇవ్వలేదట. కళ్ళజోడు పెట్టుకుని పెదాలు కదుపుతూ చదివింది. చదువుతూ చదువుతూ ఒక చోట ఆగిపోయింది. ముఖం ఎర్రబడింది.

"ఈ తప్పు నాదే," అంది.

కల్నల్ గోడ వదిలి ముందుకొచ్చారు. జేబులోంచి కలం కూడా తీశారు. ఆయన్ని కూర్చోమన్నాను. కూర్చోలేదు.

దుబాసి చెప్పిన సంగతి ఇది. నిన్న మధ్యాహ్నం, టీకి లేవబోయే ముందు, అతిథుల నాయకుడు తమ నౌకలు మన రేవు దగ్గర ఆగుతాయని చెప్పాడు. వాళ్ళ భాషలో రేవులో ఆగడానికి ఒక మాట, దారిలో అడ్డుకోవడానికి మరో మాట. ఒకదానికి ఒకటి పొరపాటు పడే వీలే లేదు. ఈవిడ మాత్రం తొందరలో "జలసంధి దగ్గర నౌకలు ఆపుతాం" అని మన భాషలో చెప్పేసింది.

"డ్రైవరూ బస్సు ఆపుతాడు, పోలీసూ బస్సు ఆపుతాడు. మనకి రెండింటికీ ఒకటే మాట మేడమ్. ఎవరి నౌకలో చెప్పకుండా ఆపుతాం అన్నాను. పప్పులో కాలేశాను. టీ తాగుతుంటే నాతోపాటు గాజుగదిలో కూర్చునే అతిథుల దుబాసి పట్టుకున్నాడు. తిరిగి కూర్చోగానే, ఇంకెవరూ నోరు విప్పకముందే సవరణ చెప్పాను. నౌకలు ఆపుతాం అన్నచోట మా నౌకలు లంగరు వేసుకుంటాయి అని గ్రహించగలరు అని. అది మా పద్ధతి. తప్పు చెప్పిన నోటితోనే దిద్దాలి."

నాకు ఒళ్ళు పులకరించింది. కల్నల్‌కి కూడా పులకరించినట్టే ఉంది గాని కారణం వేరు. ఆవిడ తన నోటితో తానే ఒప్పుకుందని, ఇక ఐదింటి దాకా ఆగక్కర్లేదని అన్నారు.

"అన్నయ్యగారూ, కాస్త ఆగండి," అన్నాను.

"ఆగడానికేముంది చెల్లెమ్మగారూ? పొరుగువాళ్ళ చేతిలో ఉన్నది ఈవిడ మాటే. ఆవిడే అంటోంది."

"ఈవిడ మాటే. అందుకే అమ్మింది ఈవిడ కాదు. అమ్మదలుచుకున్న మనిషి దిద్దిన సరుకు దగ్గర పెట్టుకుని, చెడిపోయిన సరుకు అమ్ముతుందా?"

ఆయన కలం మూత పెట్టలేదు, తీసిన చేయి దించనూ లేదు. నేను ఒక్కొక్కటే విడమరిచి చెప్పాను. ముసాయిదా కాగితాల్లో మొదటి నుంచీ లంగరు అనే ఉంది. కాబట్టి ఈ రహస్యం కాగితం మీంచి పోలేదు. అతిథుల భాషలో ఈ పొరపాటు పుట్టదు. కాబట్టి అతిథుల నుంచీ పోలేదు. మన భాషలో, ఈవిడ నోట, టీకి ముందు విన్న మాట అది. విన్నవాళ్ళు టీ తర్వాత చెప్పిన సవరణ వినలేదు. హాల్లో మన వైపు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఎనిమిది మంది. టీ తర్వాత ఎవరు లేరో తేలితే చాలు.

అందరూ ఉన్నారని కల్నల్ ఖండితంగా చెప్పారు. ద్వారం దగ్గర రాకపోకలు రాసే పుస్తకంలో, టీ అయ్యాక ఒక్కరు కూడా బయటికి వెళ్ళినట్టు లేదట. ఆ పుస్తకం రాసేది తన మనుషులేనని, వాళ్ళ కన్నుగప్పి చీమ కూడా దాటదని చెప్పారు. ఆయన ఆ మాట చెప్పిన తీరులో ఎక్కడా తడబాటు లేదు. ఏదో కొంచెం ఎక్కువ గట్టిగా చెప్పారని మాత్రం అనిపించింది. హాలు చూస్తానన్నాను.

చర్చల హాలు పైన. గుండ్రటి బల్ల, చుట్టూ కుర్చీలు, ప్రతి కుర్చీ ముందూ ఒక హెడ్‌ఫోన్. ఒక చివర ఎత్తు మీద దుబాసీలు కూర్చునే గాజుగది. బల్ల కింద దూరి చూశాను. మోకాళ్ళు పట్టేశాయి గాని చూడాల్సింది చూశాను. అన్నీ వైర్లే. గాల్లో పోయే రేడియో తరంగాలతో పనిచేసే సామాను ఒక్కటీ లేదు. అంటే హాలు బయట కూర్చుని ఎవరూ ఈ మాటలు పట్టుకోలేరు. బయటికి పోయిన మాట మనిషి చెవిలోనే పోయింది. ఫోన్లన్నీ గుమ్మం దగ్గరే తీసుకుంటారు కాబట్టి ఆ చెవి కూడా ఇక్కడ్నించి లేచి వెళ్ళి తీరాలి.

దుబాసిని గాజుగదిలోకి వెళ్ళి కూర్చోమన్నాను. రాత్రి నుంచీ మొదటిసారి ఆవిడ ముఖం తేటపడింది. తన వంటింట్లోకి వచ్చిన ఇల్లాలిలా మైకు దగ్గరికి లాక్కుని, చిన్న స్విచ్చి నొక్కింది. నేను బల్ల దగ్గర ఒక కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. కల్నల్ నా వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు. నిన్న చెప్పినట్టే సవరణ మళ్ళీ చెప్పమని సైగ చేశాను. చక్కటి గొంతు, ఎక్కడా తొణకదు. వింటుంటే రేపటి సంతకాలు ఈవిడ లేకుండా జరగకూడదనిపించింది.

నా ముందున్న మైకులోంచి అడిగాను, సవరణ చెప్పేటప్పుడు ఆవిడ ఎటు చూస్తుందని.

"చెవుల వంక చూస్తాం మేడమ్," ఆవిడ గొంతు నా చెవిలో పలికింది. "వినకపోతే చెప్పినట్టు కాదు కదా. నిన్న కూడా అందరి చెవులూ చూసుకున్నాను."

"అందరూ పెట్టుకునే ఉన్నారా?"

అద్దం అవతల ఆవిడ నా వంక చూసింది, తర్వాత నా తల పై నుంచి వెనక్కి చూసింది.

"ఒక హెడ్‌ఫోన్ బల్ల మీదే ఉంది మేడమ్. ఆ కుర్చీ చీకటి పడేదాకా ఖాళీగానే ఉంది. ఆ కుర్చీ ఆయన మీ వెనకే నిలబడి ఉన్నారు."

నేను వెంటనే తల తిప్పలేదు. తిప్పితే నా ముఖం చూసి ఆయనకు తెలిసిపోతుంది. తెలిస్తే మాత్రం ఏమిటని కాసేపటికి నాకే అనిపించింది. ఏమంటోంది ఆవిడ అని కల్నల్ అడిగారు. హెడ్‌ఫోన్ తీసి ఆయన చేతికిచ్చి, మీరే వినండి అన్నాను. ఆయన పెట్టుకున్నారు. దుబాసి ఆ రెండు మూడు వాక్యాలనూ మాట పొల్లుపోకుండా మళ్ళీ చెప్పింది. నిన్ననే ఎందుకు చెప్పలేదని నేను అడిగితే, అడుగుతున్నది ఆయన మనుషులే కదా మేడమ్, వాళ్ళు అడిగినవాటికి జవాబు చెప్పాను అంది.

కల్నల్ నిదానంగా హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు. అంత పెద్దమనిషి నా ఎదుట నీళ్ళు నమలడం నేను అంతకుముందు చూడలేదు. ఆయన మనుషులు రాసే పుస్తకంలో ఆయన పేరెందుకు లేదో అప్పుడర్థమైంది. సొంత అధికారి బయటికి వెళుతుంటే సెల్యూట్ కొడతారు గాని కలం ఎవరు తీస్తారు? దుబాసి వినకుండా గాజుగది స్విచ్చి ఆపేయమని సైగ చేసి, ఎక్కడికి వెళ్ళారని అడిగాను.

"ఇంటికి," అన్నారు. "పాపకి జ్వరం."

పాప అంటే మా ఇద్దరి మనవరాలు, పది నెలల పిల్ల. మా అమ్మాయి ఆసుపత్రిలో డాక్టరు. నిన్న మధ్యాహ్నం ఎవరికో అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అల్లుడు ఊళ్ళో లేడు. వియ్యపురాలు తన చెల్లెలింటికి వెళ్ళింది. మా అమ్మాయి మామగారికి కబురు చేసింది. ఆయన చర్చలు వదిలేసి వెళ్ళి, సాయంత్రం వరకూ పాపను భుజాన వేసుకుని తిరిగారు. నాకెందుకు చెప్పలేదని అడిగాను. మీరు కంగారు పడతారని అమ్మాయే వద్దందని చెప్పారు. ఆ సంగతి తర్వాత తేల్చుకుందామనుకున్నాను.

"నిన్న సాయంత్రం ఆ ప్రకటన రాగానే నేను లేచి వెళ్ళిన సంగతి చెప్పాల్సింది," అన్నారాయన. "ఎలా చెప్పమంటారు? దేశం ఒప్పందం చేసుకుంటుంటే మనవరాలికి జ్వరమని లేచి వెళ్ళానని ఫైల్లో రాసుకోనా? నేను ఎవరికీ అమ్మలేదు చెల్లెమ్మగారూ."

అమ్మలేదని నాకు తెలుసు. అమ్మేవాడైతే ఈయన ఇంత గట్టిగా అరవడు. ఆయన మీద నాకు ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది, ఆ మాట అనలేదు. ఇంటి నుంచి ఎవరితోనైనా మాట్లాడారా అని అడిగాను. నిన్న హాలుకి రాని నౌకాదళం అడ్మిరల్‌తో మాట్లాడారట, సైన్యం ఇచ్చిన ఫోన్లోనే. ఆ ఫోను మాటలు దారిలో ఎవరూ దొంగిలించలేరు. జలసంధి దగ్గర నౌకలు ఆపుతారట అని, తాను విన్నది విన్నట్టు చెప్పారు. మొదటి నుంచీ ఒప్పందం సంగతి తెలిసినవాళ్ళు గనక ఆయనకూ అడ్మిరల్‌కూ అది లంగరనే అర్థమైంది. ముందూ వెనకా తెలియకుండా ఆ ఒక్క ముక్క విన్న మనిషికే అది అడ్డుకోవడంలా వినపడుతుంది.

"అయితే విన్న మనిషి ఫోను అవతల లేరు, ఇవతల ఉన్నారు," అన్నాను. "ఏ గదిలో నిలబడి మాట్లాడారు?"

ఆయన నేల వంక చూస్తూ చెప్పారు. పాప గదిలో. భుజాన నిద్రపోతున్న పిల్లను దించితే లేస్తుందని, ఉయ్యాల పక్కనే నిలబడి మెల్లగా మాట్లాడారు.

ఆ ఉయ్యాల నాకు తెలుసు. దాని కొయ్యకి ఒక తెల్లటి పరికరం తగిలించి ఉంటుంది. పాప ఏడిస్తే వేరే గదిలో ఉన్న తల్లికి వినిపించేందుకు. ఒక డబ్బా వింటుంది, ఇంకో డబ్బా వినిపిస్తుంది. హాలంతా వైర్లేనని బల్ల కింద దూరి మరీ సంతోషపడ్డాను. గాల్లో పోయే సామాను మా మనవరాలి తల దగ్గర ఉంది.

ముందు చేయాల్సిన పని ముందు చేశాం. కల్నల్ జేబులోంచి కస్టడీ ఉత్తర్వు తీసి ముక్కలు చేశారు. గాజుగది తలుపు తానే తీసి, రేపు సంతకాలప్పుడు మీరే ఉండాలమ్మా అని దుబాసితో అన్నారు. ఆవిడ క్షమించానని గాని లేదని గాని అనలేదు, కొత్త గొంతు బిళ్ళలు తెప్పించమంది. కార్యదర్శిగారికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. పొరుగు దేశం రాయబారిని ఇప్పుడే పిలిపించి, మాట ఎక్కడ తప్పిందో విడమరిచి చెబుతామని, అర్థమైతే నౌకలు వెనక్కి తిరుగుతాయని ఆయన అన్నారు. ఆయన గొంతులో ఉదయం నుంచీ లేని ఊపిరి వినపడింది. నాకూ కడుపు నిండినట్టుంది.

తర్వాత మా అమ్మాయికి ఫోన్ చేశాను. కల్నల్ కూడా వినేలా స్పీకరు పెట్టాను. పాపకి జ్వరం తగ్గిందట. నా దగ్గర దాచినందుకు రెండు చీవాట్లు పెట్టి, పాప గదిలోంచి వంటింట్లోకి వచ్చి మాట్లాడమన్నాను. వంటింట్లోనే ఉన్నానంది. ఆ ఉయ్యాల పరికరం ఎవరిచ్చారని, మామూలుగా అడిగినట్టే అడిగాను.

"పై వాటా ఆంటీ. పాప పుట్టినప్పుడు ఇచ్చింది కదమ్మా. ఎందుకూ?"

పై వాటాలో అద్దెకుండే ఆవిడ. వాటా ఇచ్చే ముందు ఆవిడ గురించి తానే స్వయంగా విచారించానని కల్నల్ ఎన్నిసార్లో చెప్పారు. ఇప్పుడాయన నా వంక చూడటం లేదు.

"మన ఇంట్లోకి కూడా ఒకటి కొందామనీ," అన్నాను. "వినిపించే డబ్బాలు ఎన్నొస్తాయి?"

"మనకొచ్చింది ఒకటే. అట్టపెట్టెలో రెండో దానికి కూడా చోటుంది గాని, ఖాళీగా ఉంది. కంపెనీ వాళ్ళు తక్కువ పెట్టుంటారని మామగారు అన్నారు."

కల్నల్ కుర్చీ కోసం చేత్తో తడుముకున్నారు. నేను గొంతు మారకుండా జాగ్రత్తపడ్డాను. పాప ఏం చేస్తోందని అడిగాను.

"ఆంటీ దగ్గరుంది. పొద్దున్నే వచ్చింది పాపం, నేను స్నానం చేసి అన్నం తినేదాకా ఆవిడే ఎత్తుకుంది. ఇదిగో, నేనూ స్పీకరు పెట్టానుగా, ఇక్కడే నిలబడి మన మాటలు వింటోంది. మాట్లాడతావా?"

ఇవ్వమన్నాను. ఇవ్వమనక ఏం చేయను? కల్నల్ అప్పటికే గుమ్మం వైపు తిరిగి తన మనుషులకు వేళ్ళతో సైగలు చేస్తున్నారు. ఫోను చేతులు మారిన చప్పుడైంది. దగ్గర్లో పాప ఏదో అంది, నవ్వింది.

జ్వరం తగ్గిందని విన్నామని, పిల్లను చూడటానికి నేనూ అన్నయ్యగారూ బయల్దేరుతున్నామని చెప్పాను. పై వాటా ఆవిడ గొంతు ఎప్పటిలాగే మెత్తగా, ఆప్యాయంగా ఉంది.

"రండి వదినగారూ. మీరిద్దరే రండి. ఎక్కువమంది వస్తే పాప బెదిరిపోతుంది. మీరొచ్చేదాకా దీన్ని నా చేతుల్లోంచి దించను."

నేను చేయెత్తి కల్నల్‌ను ఆపాను. ఆయన మనుషులు మెట్ల మీద ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు.